అత్తగారి సాక్ష్యం

1688 జూన్ 10, ఆదివారం

రాణీగారు ప్రసవించారు. మగపిల్లాడు. నేను చూడలేదు.

లండన్ మొత్తం మీద ఆ పురుడు చూడాలని నాకున్నంత కోరిక ఇంకెవరికీ ఉండి ఉండదు. సరిగ్గా ఆ వేళకి నేను చర్చిలో కూర్చుని, ముందు బల్ల మీది ఆవిడ టోపీలో ఇరుక్కున్న తేనెటీగ బయటపడుతుందా లేదా అని చూస్తున్నాను. అత్తగారు మాత్రం ఆ గదిలోనే ఉన్నారు. పొద్దున్నే కోట నుంచి మనిషి వచ్చాడు, నొప్పులు మొదలయ్యాయి, రాణీవాసంలో కొలువున్న ఆడవాళ్ళంతా రావాలని. రాణి పురుడంటే తలుపులు మూసుకుని జరిగేది కాదు కదా. మంత్రులూ దొరసానులూ దాసీలూ గది నిండా సాక్ష్యం నిలబడాలి. నేనూ వస్తానన్నాను. నిన్నెవరు పిలిచారన్నారు అత్తగారు. దాసి టాబితా చెయ్యి పట్టుకుని బండెక్కి వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం ఫిరంగులు మోగుతుండగా తిరిగొచ్చారు. మెట్ల దగ్గరే పట్టుకున్నాను.

"మగపిల్లాడు. బాగున్నాడు. నా కాళ్ళు పీకుతున్నాయి, తప్పుకో అమ్మాయ్" అన్నారు.

ఇంత సంగతికి అంతే మాటలు. మగబిడ్డ పుట్టాడంటే రాజుగారి పెద్దకూతురికి రావలసిన సింహాసనం పోయినట్టే. ఆవిడా, హాలండులో ఉన్న ఆవిడ మొగుడు డచ్చి యువరాజూ మన ప్రొటెస్టెంటు మతం వాళ్ళు. ఎప్పటికైనా వాళ్ళొస్తారులే అన్న ధైర్యంతోనే జనం ఈ కేథలిక్కు రాజుని ఓర్చుకుంటున్నారు. ఇప్పుడు ఆయన వెనకాల ఇంకో కేథలిక్కు రాజు తయారయ్యాడు, ఇంకా కళ్ళయినా సరిగా తెరవకుండానే.

మా ఆయన జెర్వస్‌కి ఈ కబురు రాయాలి. ఆయన బాత్‌లో ఉన్నారు. అక్కడి వేడినీటి గుండాల్లో మోకాలు నానబెడితే నొప్పి పోతుందట.

జూన్ 13

పిల్లాడు రాణీగారి కడుపున పుట్టలేదట. ఎవరో పేదరాలి బిడ్డని దొంగచాటుగా తెచ్చి పక్కలో పెట్టారట.

చెప్పింది లేడీ క్లీవ్. ఆవిడ వీధి చివర ఇంట్లో ఉంటుంది. చెప్పడానికి ఏదైనా ఉంటే బండి కట్టించుకోకుండా నడిచే వస్తుంది. ఈరోజు పరుగెత్తుకొచ్చినట్టుంది. నా ఫలహారపు పళ్ళెంలోనే రాణీగారి గది కట్టి చూపించింది. చక్కెర గిన్నె మంచం. స్ట్రాబెర్రీలు సాక్షులు. చెంచా దొడ్డిదారి తలుపు. ఆ తలుపు గుండా, చలికాలంలో పక్క వెచ్చబెట్టే నిప్పుల పెనం ఒకటి లోపలికి తెచ్చారట, పొడుగు పిడీ ఇత్తడి మూతా ఉన్నది. పిల్లాడు అందులో ఉన్నాడట.

జూన్ ఎండల్లో పక్క వెచ్చబెట్టడమేమిటని అడిగాను. అదే కదా అనుమానం అంది. మరి పిల్లాడు ఏడవలేదా అన్నాను. నల్లమందు పట్టించి ఉంటారంది. తర్వాత సాక్షులు ఇద్దరిని మీగడలో ముంచుకుని తినేసింది.

ఆవిడ వెళ్ళగానే వంటింట్లోకి వెళ్ళి మన ఇంటి నిప్పుల పెనం దింపించాను. పసిబిడ్డంత ఉన్నది ఏమిటా అని చూస్తే, వంటవాడు రేపటికి ఈకలు పీకి పెట్టిన బాతు కనిపించింది. ఎలా కుక్కినా కాళ్ళు బయటే ఉండిపోయాయి. మూత మీద కూర్చుంటేగానీ పడదు. కూర్చున్నాను కూడా. వంటవాడు గోడ వైపు తిరిగి భుజాలు కదిలిస్తున్నాడు.

కోటలో పెనాలు ఇంతకన్నా పెద్దవేమో మరి.

జూన్ 15

అత్తగారిని మళ్ళీ అడిగాను. "చూడవలసింది చూశాను" అన్నారు. అది జవాబా?

జూన్ 30

జైల్లో పెట్టిన బిషప్పులని న్యాయస్థానం వదిలేసింది. రాజుగారి మాట కాదన్నందుకు వాళ్ళ మీద కేసు. ఊరంతా మంటలు వేసి ఆడుతున్నారు. రాజుగారి సిపాయిలు కూడా కేకలు వేశారట. ఇది మంచికో చెడ్డకో నాకు తెలియదు. చూడటానికి మాత్రం బాగుంది.

లేడీ క్లీవ్ మొగుడు బాత్ నుంచి వచ్చాడట. అక్కడ జెర్వస్ కనిపించలేదన్నాడట.

బాత్ పెద్ద ఊరు.

జూలై 2

అంత పెద్ద ఊరేం కాదు. కానీ ఆయన పెందలాడే గుండంలో మునిగి గదికి వెళ్ళిపోతారేమో. మనుషుల్లో మెసలడం ఆయనకి ముందునుంచీ ఇష్టం లేదు.

ఆగస్టు 3

ఈరోజు ఒక సంగతి జరిగింది. ఎక్కడా చెప్పేది కాదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

వసంతంలో జెర్వస్ కూర్చుని వేయించుకున్న బొమ్మని చిత్రకారుడు తెచ్చి హాల్లో ఆనించి వెళ్ళాడు. అత్తగారు టాబితాతో కిందికి వచ్చారు. కొడుకు బొమ్మ వచ్చిందని టాబితా చెప్పింది. అత్తగారు దాని ముందు నిలబడి, తల ఒక పక్కకి వంచి, చాలాసేపు చూసి, ముక్కు బాగా కుదిరిందనీ, నోటి దగ్గర మాత్రం వాడి పెంకితనం రాలేదనీ అన్నారు.

బొమ్మ మీద కప్పిన గుడ్డ ఇంకా తీయలేదు.

టాబితా నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను.

అప్పటి నుంచీ ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. పేకాట మానేసి అది పాపం అన్నారు, ఆవిడ ఎక్కి తిరిగే బండి పేకాటలో గెలిచిందే అయినా. కప్పు బల్ల మీద పెడుతూ టాబితా ప్రతిసారీ ఎందుకో "కుడిపక్కన, అమ్మగారూ" అంటుంది. మెట్లు దిగేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేస్తే, ఇన్నాళ్ళకి నా మీద ప్రేమ కలిగిందనుకుని మురిసిపోయాను.

ఆగస్టు 5

కచ్చితంగా తెలుసుకోకపోతే నాకు తిండి సయించేలా లేదు. టాబితా బజారుకి వెళ్ళిన సమయం చూసి, చెప్పులు విడిచి, అత్తగారి గదిలోకి వెళ్ళి గోడ పక్కన నిలబడ్డాను. ఆవిడ ఎండలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. కళ్ళు నా మీదే ఉన్నాయి. చెయ్యి ఊపాను. రెప్ప కదల్లేదు. నాలుక కూడా బయటపెట్టాను.

"అక్కడ దొంగలా నిలబడకు అమ్మాయ్" అన్నారు. "నీ నారింజపూల అత్తరు నీకంటే ముందే లోపలికి వచ్చింది. కూర్చో."

కూర్చున్నాను. ఎన్నాళ్ళయింది అత్తయ్యా అని అడిగాను.

"ఎడమది ఈయన ముందటి రాజు బతికుండగానే పోయింది. కుడిది పోయిన చలికాలంలో. ఇప్పుడు వెలుగూ చీకటీ తెలుస్తాయి. మనుషులు పొగలాగా కదులుతారు. కొందరి విషయంలో అదే నయం."

ఎవరికీ ఎందుకు చెప్పలేదంటే నవ్వారు. గుడ్డిదానికి రాణీవాసంలో పనేముంటుంది, పల్లెకి పంపి కుర్చీలో కూర్చోబెట్టి, వచ్చినవాళ్ళందరికీ అయ్యో పాపం అని చూపిస్తారన్నారు. ఏ గదిలో ఎన్ని అడుగులు వేస్తే ఏం తగులుతుందో ఆవిడ కాళ్ళకి తెలుసు. మిగిలింది టాబితా చూసుకుంటుంది. జెర్వస్‌కి కూడా తెలియదు. వాడికి చెప్పావో, అన్నారు, మిగతా మాట పూర్తి చెయ్యలేదు. చెప్పనన్నాను.

అప్పుడు అడిగాను. ఇంక ఆగలేకపోయాను. మరి ఆ రోజు ఏమిటి మీరు చూసింది?

"ఏమీ చూడలేదు. చూసినవాళ్ళు మాత్రం ఏం చూశారు, ఒకరి వీపు ఒకరు." చేతులు ఒళ్ళో పెట్టుకుని మెల్లగా చెప్పారు. ఉక్కపోత, అత్తరు కంపు, అంతమంది ఊపిరి. తోపులాటలో ఆవిడ మంచం పక్కన మంత్రసాని దగ్గరికి చేరిపోయారు. రాణి అరిచిన అరుపు విన్నారు. "అది వేషం కట్టి అరిచే అరుపు కాదు. నేను కన్నాను, పోగొట్టుకున్నాను, నాకు తెలియదా? బిడ్డ బయటపడగానే మంత్రసానికి చేతులు చాలలేదు. దగ్గరున్నది నేను కదా, నా చెయ్యి లాక్కుని, ఇది కాస్త పట్టుకోండమ్మా అంది. పట్టుకున్నాను. బొడ్డుతాడు."

రెండు వేళ్ళు దగ్గరగా పెట్టి చూపించారు.

"ఇంకా కొయ్యలేదు. నా వేళ్ళ కింద కొట్టుకుంటోంది, గుండె కొట్టుకున్నట్టు. ఒక కొస పిల్లాడికి, ఒక కొస తల్లికి. పెనంలో పెట్టి తెచ్చిన పిల్లాడి తాడు అలా కొట్టుకుంటుందా?"

సాయంత్రం వరకూ నేను నా మణికట్టు పట్టుకునే తిరిగాను.

ఆగస్టు 6

ఈ ఊళ్ళో నిజం తెలిసిన కొద్దిమందిలో నేనొకదాన్ని. ఎవరికీ చెప్పలేను. లేడీ క్లీవ్ వచ్చింది. ఇంట్లో లేనని చెప్పించాను.

సెప్టెంబరు 24

డచ్చి యువరాజు ఓడలు సిద్ధం చేస్తున్నాడట. మన ప్రభువులు కొందరు ఇప్పటికే అక్కడికి చేరారట. పేర్లు కూడా చెప్పుకుంటున్నారు.

జెర్వస్ బాత్‌లోనే ఉన్నారు.

అక్టోబరు 20

రాజుగారికి ఇప్పటికి తెలివొచ్చింది. పురుడు చూసినవాళ్ళందరినీ సభకి పిలిచి ప్రమాణం చేయించి సాక్ష్యం తీసుకుంటారట. అత్తగారికి పిలుపు వచ్చింది. ఆవిడ ప్రొటెస్టెంటు, పెద్ద వంశం, ఎవరి ముఖస్తుతీ చెయ్యని మనిషి. ఆవిడ మాటకి విలువుంటుంది.

లోపలికి దాసీలను రానివ్వరు. టాబితా ఏడుపు మొహం పెట్టింది. అత్తగారు నా వైపు, అంటే నా అత్తరు వైపు, తిరిగారు.

"ఆ రోజు రానా అన్నావుగా. ఇప్పుడు రా."

అక్టోబరు 22

వివరంగా రాయాలి.

హాలు కిక్కిరిసిపోయింది. అత్తగారు నా మోచెయ్యి పట్టుకున్నారు, వయసు మీద పడిన ఆడమనిషి కోడలి ఊతం తీసుకున్నట్టు. మెట్టు ఉంటే ఒకసారి నొక్కాలి, మనిషి అడ్డుంటే రెండుసార్లు. గడప దాటాం. రాజుగారు కూర్చున్న వైపుకి తిప్పాను. ఆవిడ మోకాలు వంచి పెట్టిన నమస్కారం చూసి పక్కనున్న పడుచువాళ్ళు సర్దుకు నిలబడ్డారు.

మాకు ముందు చెప్పినవాళ్ళంతా చూశాం అన్నారు. ఒకాయన మంచానికి ఎంత దూరంలో ఉన్నాడో అడిగితే, కోడలి పురుడు దగ్గర దొరికిపోయిన మామగారిలా ఎర్రబడ్డాడు. ఒకావిడ రాణీగారి చొక్కా పాలతో ఎలా తడిసిందో కూడా చెప్పింది.

అత్తగారి వంతు వచ్చింది. ప్రమాణం చేశారు. గుమాస్తా కలం ముంచి, యువరాజు పుట్టడం తమరు కళ్ళారా చూశారా అని అడిగాడు.

నా మోచేతి మీద ఆవిడ వేళ్ళు బిగుసుకున్నాయి. చూడలేదంటే బయట ఊరంతా నవ్వి, చూశారా పెనం కథ నిజమే అంటుంది. గుడ్డిదాన్నంటే ఆ బొడ్డుతాడు మాట వినేవాడు ఉండడు. దేవుడి పుస్తకం మీద చెయ్యి పెట్టి ఉన్నారు.

"చూశాను" అన్నారు.

బొడ్డుతాడు సంగతి చెప్పారు. కొట్టుకోవడం గురించి చెప్పారు. మగవాళ్ళు బూట్లు చూసుకున్నారు. గుమాస్తా ఆ మాట ఎలా రాయాలో తెలియక కలం పైకెత్తాడు. చెప్పింది చెప్పినట్టు రాయి నాయనా, నువ్వూ అలాగే పుట్టావన్నారు అత్తగారు.

సంతకం దగ్గర నా ప్రాణం పోయింది. కాగితం చదివి చూసుకోమన్నాడు. మీ కోడి గీతలు చదివే ఓపిక నాకు లేదు, నా కోడలు చదువుతుందన్నారు. నేను గట్టిగా చదివి, కాగితం సరిచేస్తున్నట్టు నటిస్తూ ఆవిడ చూపుడువేలు తీసుకెళ్ళి గీత మీద పెట్టాను. పేరు వంకర లేకుండా రాశారు.

బండిలో ఆవిడ అన్నారు: "అబద్ధం ఆడితేగానీ నిజం చెప్పలేకపోయాను. దేవుడు దీన్ని ఏ ఖాతాలో రాసుకుంటాడో."

నవంబరు 1

గాలి తూర్పు నుంచి వీస్తోంది. జనం రోజూ గోపురం మీది గాలికోడి వైపే చూస్తున్నారు. తూర్పు గాలి అంటే డచ్చి ఓడలకి దారి.

నవంబరు 9

దిగారు. టోర్‌బే దగ్గర దిగారు. సైన్యం లండన్ వైపు వస్తోంది.

జెర్వస్ వాళ్ళతో ఉన్నారు. గుర్రం మీద, యువరాజుకి కొంచెం వెనగ్గా. చూసినవాళ్ళు చెప్పారు. బాత్‌లో లేరు. జూన్ నుంచే లేరు. నాకు తెలుసు. ఇదివరకే తెలుసు.

అత్తగారికి చెబితే "బాగున్నాడటా?" అని మాత్రం అడిగారు.

డిసెంబరు 12

రాణీగారు పిల్లాణ్ణి దుప్పట్లో చుట్టుకుని, చాకలిదానిలా ముసుగేసుకుని, నది దాటి ఫ్రాన్సుకి పారిపోయారు. వెనకాలే రాజుగారు కూడా. ఇక్కడ కేథలిక్కుల గుళ్ళు తగలబెడుతున్నారు. మన తలుపు మీద ఎవరో బొగ్గుతో నిప్పుల పెనం బొమ్మ గీశారు. సాక్ష్యాలన్నీ అచ్చువేసి అమ్మారు కదా, అత్తగారి పేరు ఊరందరికీ తెలుసు.

తడిగుడ్డ పెట్టి నేనే తుడిచాను.

డిసెంబరు 19

వచ్చారు.

చిక్కారు. టోపీకి నారింజరంగు రిబ్బను, డచ్చివాళ్ళ రంగు. నన్ను పట్టుకుని నవ్వారు, బెల్లా, నీకు చెప్పకుండా వెళ్ళడం తప్పలేదన్నారు. మోకాలు ఎలా ఉందని అడిగాను. ఆయన మొహం ఎర్రబడింది.

తర్వాత తల్లి దగ్గరకి వెళ్ళారు. ఆవిడ పొయ్యి పక్కన కూర్చుని ఉన్నారు. ఆయన గుమ్మంలో నిలబడిపోయారు, మాట రాక. అత్తగారు తల తిప్పలేదు. గుమ్మంలో ఉన్నది ఎవరో ఆవిడకి ఎలా తెలుస్తుంది?

"తలుపు మూయి, చలి వస్తోంది" అన్నారు.

ఆయన తలుపు మూసి మేడ మీదికి వెళ్ళిపోయారు. ఆరు నెలల తర్వాత కొడుకు వస్తే రిబ్బను చూసి మొహం తిప్పుకుందన్నారు నాతో. నోటి దాకా వచ్చింది. చెప్పనని మాట ఇచ్చాను కదా.

1689 జనవరి 14

జెర్వస్‌కి ఒక రెజిమెంటు ఇస్తామన్నారు. నాకు కొత్త రాణీవాసంలో చోటు. అంతా దాదాపు ఖాయమే. ఒక్కటే అడ్డు. డచ్చి యువరాజుకి సింహాసనం కట్టబెట్టాలంటే ఆ పిల్లాడు దొంగబిడ్డ కావాలి, కనీసం అనుమానపు బిడ్డయినా కావాలి. థార్న్‌బీ ప్రభువైన జెర్వస్ తల్లే పిల్లాడు అసలువాడని ప్రమాణం చేసి ఉంటే, థార్న్‌బీ ప్రభువు మొహం ఎక్కడ పెట్టుకుంటాడు? ఆవిడ పొరపడ్డానని ఒక్క ముక్క రాసిస్తే చాలట.

అత్తగారు రాయనన్నారు.

రాణీవాసం మీద నాకేమీ ఆశ లేదు. బూడిదరంగు పట్టు మీద వెండి జలతారు బాగుంటుంది, మోచేతుల దగ్గర కుచ్చులు వేయిస్తే. పట్టాభిషేకానికి రాణి వెనకాల నడిచేవాళ్ళకి అన్నీ కనిపిస్తాయి. అన్నీ.

జనవరి 22

అత్తగారికి చూపు ఆనదని కోటలో ఎవరో అనుకుంటున్నారట. లేడీ క్లీవ్ పనే అయి ఉంటుంది. జెర్వస్ నన్ను కిటికీ దగ్గరకి తీసుకెళ్ళి నిలబెట్టారు.

"బెల్లా, నువ్వు రోజంతా ఇంట్లో ఉంటావు. నీకు తెలియనిది ఉండదు. అమ్మకి కనిపిస్తుందా, కనిపించదా?"

కనిపించదంటే చాలు. అది అబద్ధం కూడా కాదు. ఆయనకి రెజిమెంటు, నాకు రాణీవాసం, అందరికీ సుఖం. ఆ ఒక్క నిజంతో ఆ పిల్లాడు మాత్రం పెనంలోకి వెళ్ళిపోతాడు.

"నిన్న నా కుట్టులో తప్పు పట్టుకున్నారు" అన్నాను. "మీకన్నా బాగా కనిపిస్తుంది."

ఆయన నా మొహంలోకి చూశారు. సరే, రేపు వైద్యుణ్ణి తెస్తానన్నారు.

అంత బాగా అబద్ధం చెప్పగలనని నాకే తెలియదు.

జనవరి 23

వైద్యుడు రాకముందే అంతా అయిపోయింది.

నేను చెప్పిన మాట టాబితా ద్వారా అత్తగారికి చేరింది. ఫలహారం దగ్గర ఆవిడ కప్పు కింద పెట్టి, జెర్వస్ ఉన్నాడా అని అడిగారు. ఎదురుగానే కూర్చున్నారు ఆయన.

"ఇక్కడే ఉన్నానమ్మా" అన్నారు, చిరాగ్గా.

"అయితే విను. నా కోసం ఆ పిల్ల అబద్ధాలాడటం నాకిష్టం లేదు. అలవాటైతే మంచిది కాదు. నాకు కళ్ళు లేవురా. ఏడాది దాటింది."

ఆయన నమ్మలేదు. చేతిలో ఉన్న కత్తి మెల్లగా ఆవిడ మొహం ముందు ఆడించారు. ఆవిడ కళ్ళు ఆయన వెనక ఉన్న గోడ మీదే ఉన్నాయి. కత్తి బల్ల మీద పెట్టేశారు.

"మరి నేను వచ్చిన రోజు..."

"ఏ రోజు? నువ్వు వచ్చావని మర్నాడు టాబితా చెప్పింది. తల్లిని పలకరించకుండా మేడెక్కాడని కుమిలిపోయాను."

ఆయన లేచి బల్ల చుట్టూ వెళ్ళి ఆవిడ ముందు మోకరిల్లారు. అత్తగారు చేతులు చాచి ఆయన మొహం తడిమారు, నుదురు, ముక్కు, చెంపలు. చిక్కావు అన్నారు. ఓడలో సరిగా తిన్నావు కాదన్నారు.

"రాసుకో" అన్నారు తర్వాత. "గుడ్డిదాన్నని రాసుకో, సంతకం పెడతాను. కానీ నా చేతికి తెలిసింది కూడా రాయాలి. రెండూ కలిపి రాస్తేనే."

ఆయనకి కావలసింది మొదటి సగమే. అయినా అడిగారు. చాలా మెల్లగా అడిగారు, గది బయట మనుషులున్నట్టు.

"నిజంగా కొట్టుకుందా అమ్మా?"

ఆవిడ ఆయన రెండు వేళ్ళు పట్టుకుని తన మణికట్టు మీద పెట్టుకున్నారు. ఇలా, అన్నారు.

ఆయన వేళ్ళు తీయలేదు. వైద్యుడొచ్చాడని నౌకరు చెబితే, జలుబుకి పిలిచాం, తగ్గిపోయిందని పంపించెయ్యమన్నారు.

కాగితం ఎవరూ రాయలేదు.

ఫిబ్రవరి 6

ప్రభువుల సభలో ఓటు వేసే రోజు. సింహాసనం ఖాళీగా ఉందా లేదా అని. ఉందంటే డచ్చి యువరాజుకీ ఆయన భార్యకీ ఇస్తారు.

జెర్వస్ పొద్దున బట్టలు వేసుకున్నారు. కూర్చున్నారు. మళ్ళీ విప్పేసి పక్క మీద పడుకున్నారు. ఒంట్లో బాగాలేదన్నారు. ద్రాక్షసారా పోసి కాచిన పాలు పట్టుకెళ్ళాను. తుమ్మలేదు, దగ్గలేదు, నుదురు చల్లగా ఉంది. పైకప్పు చూస్తున్నారు.

నేను ఏమీ అడగలేదు. నేను. ఏమీ అడగలేదు.

సాయంత్రం కబురొచ్చింది. ఖాళీగా ఉందట. రాకుండా ఉండిపోయిన ప్రభువులు చాలామందేనట. ఊరంతా జబ్బులే.

ఫిబ్రవరి 28

రెజిమెంటు లేడీ క్లీవ్ మొగుడికి ఇచ్చారు. రాణీవాసంలో నా చోటు ఆవిడకి. ఓదార్చడానికి నడిచే వచ్చింది. బూడిదరంగు పట్టు తనకి బాగుంటుందా అని అడిగింది. వెండి జలతారు వేయించమన్నాను.

మార్చి 11

నార్ఫోక్‌లోని పల్లె ఇంటికి వచ్చేశాం. ఊరు చిన్నది, గాలి పెద్దది. మెట్లు కొత్తవి కనుక అత్తగారు రోజూ ఎక్కి దిగి నేర్చుకుంటున్నారు. చెయ్యి పట్టుకోబోతే కసురుతున్నారు. ఇక్కడ ఎవరి దగ్గరా దాచనక్కర్లేదు. వచ్చినవాళ్ళని దగ్గరకి పిలిచి మొహాలు తడుముతున్నారు. పాస్టరుగారు బెదిరిపోయాడు.

ఏప్రిల్ 11

లండన్‌లో పట్టాభిషేకం. ఇక్కడ వాన వెలిసి తేటగా ఉంది. చర్చిలో గంటలు మోగించారు. కొత్త రాజూ రాణీ చల్లగా ఉండాలని పాస్టరుగారు ప్రార్థించాడు. జెర్వస్ అందరితోపాటు ఆమెన్ అన్నారు. అత్తగారి పెదవులు అందరూ ఆపేశాక కూడా కదులుతూనే ఉన్నాయి.

ఇంటికి నడిచి వస్తున్నాం. జెర్వస్ కాస్త ముందు, మేమిద్దరం వెనక. ఎంత ఆపుకున్నా నా బుద్ధి పోదు కదా. ఎవరి కోసం ప్రార్థించారు అత్తయ్యా, పాత రాజు కోసమా, కొత్త రాజు కోసమా అని అడిగాను.

"వాళ్ళిద్దరూ పెద్ద మగాళ్ళు, వాళ్ళ సంగతి వాళ్ళు చూసుకుంటారు" అన్నారు. "ఆ పిల్లాడి కోసం. నిరుడు వైద్యులు పాలు మానిపించి జావ పోసి చంపినంత పని చేశారు. పాలిచ్చే మనిషిని తెచ్చాక బతికాడు. ఇప్పుడా పరదేశంలో మంచి దాది దొరికిందో లేదో. అదే నా దిగులు."

జెర్వస్ చేను గేటు దగ్గర ఆగి, మేం వచ్చేదాకా తెరిచి పట్టుకున్నారు. అత్తగారు ఆయన పక్కనుంచి దాటుతుంటే, ఎటో చేల వైపు చూస్తూ అన్నారు.

"దొరికిందమ్మా. కనుక్కున్నాను."